ఎవరో ఒకరు చూస్తారని

మొన్న దసరా సెలవుల్లో అటక సర్దుతుంటే పాత హార్డ్‌డిస్కు ఒకటి దొరికింది. కేబుల్ వెతికి, లాప్‌టాప్‌కి తగిలించి తెరిస్తే అందులో 'కొత్తది', 'కొత్తది2', 'ఫైనల్', 'నిజంగా ఫైనల్' అనే పేర్లతో బోలెడు ఫోల్డర్లు. అన్నీ నేను సొంత సరదాకి మొదలుపెట్టిన ప్రోగ్రాములే. ఇంటి ఖర్చుల లెక్క ఒకటి, రైళ్ల టైమింగులు వెతికేది ఒకటి, చదరంగం ఒకటి. చదరంగంలో గుర్రం నడక దాకా వచ్చి ఆపేసినట్టున్నాను. ఒంటె కదలదు, రాజుకి చెక్ పెడితే తెలీదు.

వాటి మధ్యలో 'పద్యం' అనే ఫోల్డరు, పద్యాల ఛందస్సు చూసే ప్రోగ్రాము. అది మాత్రం నా కాలేజీ రోజుల్లో టర్బో సీ అనే ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్‌లో పుట్టి, ఎన్ని కంప్యూటర్లు మారినా వెంటే వచ్చి, ఇవాళ్టికీ ఫోన్లో నడుస్తోంది.

మిగతావన్నీ పోయి ఇదొక్కటే ఎందుకు మిగిలిందా అని ఆ పూట చాలాసేపు ఆలోచించాను. చదరంగం రాసినప్పుడు నాకు బోలెడంత తీరిక ఉండేది. ఖర్చుల లెక్క అయితే నిజంగా అవసరం కూడా. కానీ ఆ రెంటినీ నేను తప్ప ఇంకో మనిషి చూడలేదు. 'పద్యం' సంగతి అలా కాదు. అది ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవాళ్లు మొదట్నుంచీ ఎవరో ఒకరు ఉంటూనే వచ్చారు.

1998లో గుంటూరు దగ్గర ఇంజనీరింగ్‌లో చేరాను. కంప్యూటర్ ల్యాబ్‌లోకి చెప్పులు బయట విడిచి వెళ్లాలి. లోపల ఏసీ. అది మా కోసం కాదని, మెషీన్ల కోసమని ల్యాబ్ అసిస్టెంట్ మొదటిరోజే చెప్పాడు. ఫ్లాపీ తెస్తే ముందు ఆయనకి చూపించాలి, వైరస్ ఉంటుందేమోనని ఆయన స్కాన్ చేసి ఇచ్చేవాడు. ఒక్కో మెషీన్ ముందు ఇద్దరు, ముగ్గురు. నీలం తెర మీద పసుపు అక్షరాలు. రికార్డులో ఫిబొనాచి, ప్రధాన సంఖ్యలు, మ్యాట్రిక్సుల గుణకారం. అందరివీ అవే ప్రోగ్రాములు కాబట్టి ఎవడిదీ ఎవడూ చూసేవాడు కాదు. కాపీ కొట్టడానికి తప్ప.

బొమ్మలు గీయడానికి గ్రాఫిక్స్ డాట్ హెచ్ అని ఒకటుంటుందని ఎవరో సీనియర్ చెప్తే ఒక సాయంత్రం కూర్చుని బంతి గీశాను. తెర మీద 640 బై 480 చుక్కలు, పదహారు రంగులు. ఆ బంతి గోడకి కొట్టుకుని వెనక్కి రావడం, అంతే. పక్క మెషీన్ వాడు కుర్చీ ఇటు జరిపాడు. వాడి వెనక ఇంకొకడు. "గోడకి తగిలినప్పుడు చప్పుడు రావాలి మామా" అన్నాడు ఒకడు. సౌండ్ అనే ఫంక్షన్ పెట్టాను. దాన్ని ఆపడానికి నోసౌండ్ పిలవాలి, పిలవకపోతే కీచుమంటూనే ఉంటుంది. ల్యాబ్ మొత్తం ఇటు తిరిగింది. "కింద ఒక బ్యాట్ పెట్టరా" అన్నాడు ఇంకొకడు. ల్యాబ్ మూసే వేళకి అది ఆటైపోయింది. స్కోరు కూడా వచ్చింది.

బాగుందని ఎవరూ అనలేదు. అది నాకు బాగా గుర్తు. ప్రతివాడూ ఇంకేదో కావాలనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. పొద్దున్నే ల్యాబ్ ఎప్పుడు తెరుస్తారా అని.

ఇక పద్యం సంగతి. మాది తెనాలి. వేసవి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు, పదో తరగతిలో మాకు తెలుగు చెప్పిన మాస్టారు బోస్ రోడ్డులో కనిపించారు. అప్పటికే రిటైరయ్యారు. చేతిలో కూరగాయల సంచీ.

"ఏరా, కంప్యూటర్లు చదువుతున్నావట. అదేం చేస్తుంది?" అన్నారు.

"ఏం చెబితే అది చేస్తుందండీ."

"అయితే పద్యానికి గురులఘువులు పెడుతుందా?"

పెడుతుందండీ అనేశాను. ఎలా పెడుతుందో నాకు తెలీదు. ఆయన సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "సరే, చూపించు మరి" అని వెళ్లిపోయారు.

ఆలోచిస్తే అది నిజంగా కంప్యూటరుకి తగిన పనే. ఒక్కో అక్షరం గురువో (బరువుగా పలికేది), లఘువో (తేలికగా పలికేది) తేల్చడమే. దీర్ఘమైతే గురువు. సున్నా ఉన్నా, విసర్గ ఉన్నా గురువు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు, పొల్లుతో కూడినది గురువు. మిగిలింది లఘువు. మూడేసి అక్షరాలకి ఒక గణం, మొత్తం ఎనిమిది. ఆ ఎనిమిదీ గుర్తుండటానికి బళ్లో అందరం వల్లించిందే: యమాతారాజభానసలగం. ప్రోగ్రాములో ఎనిమిది గణాల పట్టిక రాయబోతూ ఆగి ఆ మాటని చూశాను. అందులో పదే అక్షరాలు. మొదటి మూడూ యమాతా, అది య గణం. ఒక అక్షరం జరిగితే మాతారా, మ గణం. మరొకటి జరిగితే తారాజ, త గణం. ఇలా ఒక్కో అక్షరం జరుపుకుంటూ పోతే ఎనిమిది గణాలూ వచ్చేస్తాయి. పట్టిక అక్కర్లేదు, ఆ పదక్షరాలు దాచుకుంటే చాలు. ఎవరు కట్టారోగానీ, మన డేటా స్ట్రక్చర్స్ పుస్తకాల్లో పెట్టదగ్గ పని.

తెలుగు అక్షరాలు తెర మీదకి తెప్పించడం అప్పట్లో నా వల్ల అయ్యే పని కాదు. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాణ్ణి. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు తయారుచేసిన పద్ధతి అది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. ప్రోగ్రాము ఆ వరసని అక్షరాలుగా విడగొట్టి, ఒక్కోదాని కింద గురువుకి యూ, లఘువుకి ఐ వేస్తుంది. పుస్తకాల్లో వాడే గుర్తులు కూడా ఇంచుమించు అవే కదా, ఆ మేరకు అదృష్టం.

మాస్టారికి చూపించాలంటే ఆయన దగ్గర కంప్యూటర్ లేదు. ల్యాబ్‌లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఉండేది. రెండు అంచులకీ చిల్లులుండే ఆ పొడుగు కాయితం మీద ప్రింటు తీసుకుని, ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి చికాకు కలిగిస్తాయని ప్రతి పాదం పైనా పెన్నుతో తెలుగు రాసి పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కాయితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని, వేలితో అక్షరం అక్షరం నడుపుకుంటూ పోయారు. భ, ర, న, భ, భ, ర, చివర రెండక్షరాల వ గణం. ఉత్పలమాల. తర్వాతి పద్యం. మధ్యలో కాఫీ వచ్చింది, చల్లారింది. ఆఖరికి తలెత్తి, "యతి చూడదా?" అన్నారు.

చూడదండీ అన్నాను. పాదం మొదటి అక్షరానికి సరిపడే అక్షరం పాదం మధ్యలో ఒక నిర్ణీత చోట రావాలి, అదే యతి.

"మరి సగమే కదరా."

నేను తిరిగి కాలేజీకి వెళ్లాక ఆయన దగ్గర్నుంచి పోస్టుకార్డులు రావడం మొదలైంది. కార్డు నిండా సన్నని అక్షరాలతో ఒక పద్యం, అడుగున ఒక వాక్యం: "నీ యంత్రం దీనికేమంటుందో చూడు." ఒక కార్డు మీద పద్యం లేదు, రెండు మాటలే ఉన్నాయి: 'వాని ప్రేమ', 'వనప్రాంతం'. మొదటిదాంట్లో 'ని' లఘువే, ఎందుకంటే ప్రే వేరే పదంలో ఉంది. రెండోది సమాసం, అందులో 'న' గురువు. ఈ తేడా దానికి తెలుసా అని ప్రశ్న. నా ప్రోగ్రాము అప్పటిదాకా ఖాళీలు వదిలేసి చదివేది. ఖాళీ కూడా అక్షరమంత ముఖ్యమని ఆ కార్డుతో తెలిసింది.

ఇంకోసారి ప్రస్తారం గురించి రాశారు. ఇన్ని అక్షరాల పాదానికి గురులఘువులు ఎన్ని రకాలుగా అమర్చవచ్చో వరసగా రాసుకుంటూ పోవడమే ప్రస్తారం. ఆ వరసలో ఉత్పలమాల లాంటి ఏ వృత్తం ఎన్నోదో లెక్కకట్టవచ్చు. ఇరవై అక్షరాల పాదానికి 10,48,576 రకాలు. మేం ఆ సెమిస్టర్లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో సున్నా, ఒకట్లతోనే నడిచే బైనరీ లెక్కలు చేస్తున్నాం. గురువు సున్నా, లఘువు ఒకటి అనుకుంటే అదే లెక్క, చివర ఒకటి కలపాలి అంతే. నాకు ఒళ్లు పులకరించింది. వెంటనే రాసి, ఉత్పలమాల ఎన్నోదో ప్రింటు తీసి పంపాను. 28,119 అని వచ్చింది.

వారం తిరక్కుండా కార్డు. "నేను కాయితం మీద వేశాను. 3,55,799. నీ యంత్రానికి ఒంట్లో బాగాలేదా?"

ఆయన చెప్పిందే నిజం. టర్బో సీలో మామూలు పూర్ణాంకానికి పదహారు బిట్లే. 32,767 దాటితే అది చేతులెత్తేస్తుంది. లాంగ్ అని ఒక్క మాట చేర్చితే సరిపోయింది. కానీ ఆ రోజు నాకు కలిగిన ఆశ్చర్యం అది కాదు. డెబ్భైకి దగ్గరపడుతున్న మనిషి, కంప్యూటరు మీద ఎప్పుడూ చెయ్యి పెట్టని మనిషి, నా ప్రోగ్రాము చెప్పింది సరా కాదా అని ఇరవై మెట్ల లెక్క కాయితం మీద వేసి కూర్చున్నారు. ఇంటర్నల్ పరీక్షలకి చదవకుండా నేను ఆయన కార్డులకి జవాబులు ఎందుకు తయారుచేసేవాణ్ణో అప్పుడు మా వార్డెన్‌కి చెప్పినా అర్థమయ్యేది కాదు.

చదువయ్యాక 2002లో హైదరాబాదు. డాట్‌కామ్ బుడగ పేలిన కాలం. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ జావా, ఒరాకిల్ బ్యానర్లు మాత్రం ఎక్కడివక్కడే, ఉద్యోగాలే లేవు. ఎస్సార్ నగర్లో రెండు గదుల ఇంట్లో మేం కొందరం. తలా ఇంత వేసుకుని సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో విడిభాగాలు కొని ఒక కంప్యూటర్ కట్టించాం. ఎవరు ఎప్పుడు కూర్చోవాలో గోడ మీద కాయితం.

మా వాళ్లలో నెల్లూరు అబ్బాయొకడు మాటకారి. వాడు చెయ్యబోయే సాఫ్ట్‌వేర్ గురించి వింటుంటే మాకే చెమటలు పట్టేవి. ఆస్పత్రులన్నీ కలిపేస్తాడు, రైతుబజార్ల ధరలన్నీ తెర మీదకి తెస్తాడు. మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం, అబ్బో అనేవాళ్లం. ఆ అబ్బో అనడంతోనే వాడి ఆకలి తీరిపోయేది. వారం తిరిగేసరికి కొత్త ప్లాను. విసిగిపోయి ఒకరోజు కర్నూలువాడు రూలు పెట్టాడు: శనివారం రాత్రి భోజనాలయ్యాక ఎవడైనా ఏదైనా చూపించవచ్చు, కానీ నడిచేదే చూపించాలి. చెయ్యబోయేదాని గురించి మాట్లాడితే ఆదివారం గిన్నెలు వాడివే.

ఆ శనివారాలు నాకు ఏ కోచింగ్ సెంటర్లోనూ దొరకనంత చదువు. నెల్లూరువాడు మొదటి నెలంతా గిన్నెలు తోమాడు. తర్వాత ఒక రాత్రి మెస్ బిల్లు లెక్క చూపించాడు. ఎవరి గెస్టు ఎప్పుడు తిన్నాడు, ఎవడు ఊరెళ్లాడు, తలకెంత. చిన్నదే, కానీ నడిచింది. మర్నాటి నుంచి మా మెస్ లెక్క అదే. వాడి మొహంలో అలాంటి వెలుగు ఆస్పత్రుల ప్లాను చెప్పినప్పుడు కూడా నేను చూడలేదు.

కర్నూలువాడిది ఇంకా బాగుంటుంది. వాళ్లమ్మగారు వీధిలో ఆడవాళ్లతో చీటీలు వేసేవారు. ఈ నెల పాట ఎంతకి పోయింది, తగ్గింపు తలకెంత వస్తుంది, ఎవరు ఎంత కట్టాలి, అదంతా వీడు విజువల్ బేసిక్‌లో రాశాడు. వాళ్ల ఇంట్లో కంప్యూటర్ లేదు. ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, ప్రింటు చూసి చదివి వినిపించేవాడు. ఒకసారి ఆవిడ, "పాడేసినవాళ్ల పేరు కింద గీత ఉండదా నాయనా? నా పుస్తకంలో గీస్తాను, లేకపోతే ఎవరు మిగిలారో తెలీదు" అన్నారట. వాడు వచ్చి ఆ గీత ఒక్కటీ పెట్టడానికి తెల్లారేదాకా కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరాక వాడు రాసిన కోడు ఎన్ని దేశాల్లో నడిచిందో నాకు తెలీదు. ఇప్పుడు కలిసినా చెప్పుకునేది మాత్రం ఆ గీత గురించే.

నా పద్యం అక్కడ ఎవరికి ఎక్కుతుందిలే అనుకున్నాను. నాగపూర్ నుంచి వచ్చినవాడొకడు ఉండేవాడు. తెలుగు మా దగ్గర నేర్చుకున్నదే, అందులోనూ తిట్లే ఎక్కువ. ఆటవెలది కోసం నేను పడుతున్న పాట్లు ఒక శనివారం చూపించాను. వృత్తాల్లో అయితే గణాలు ఎక్కడివక్కడ ఖాయం. ఆటవెలదిలో అలా కాదు. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సూర్యగణాలు రెండు రకాలు, ఇంద్రగణాలు ఆరు రకాలు, ఒక్కోదానిలో అక్షరాలు మూడో నాలుగో రెండో. ఎక్కడ కొయ్యాలో తెలీక అన్ని రకాలుగా కోసి చూసి, కుదరకపోతే వెనక్కి వచ్చేలా పెద్ద కోడు రాశాను. వాడు నేను గోడకి అంటించిన ఐలూ యూల పట్టిక ముందు సిగరెట్టు ముట్టించకుండా నోట్లో పెట్టుకుని నిలబడి, "ఇందులో ఏదీ ఇంకోదానికి మొదలు కాదు కదా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వాడు పెన్సిల్ తీసుకుని చూపించాడు. ఇంద్రగణాల్లో ఒకటి పూర్తయిందంటే అదే ఇంకో ఇంద్రగణానికి ముందుభాగం అయ్యే అవకాశం లేదు. సూర్యగణాలకీ అంతే. హఫ్‌మన్ కోడు అని కాలేజీలో చదివింది ఇదేనన్నాడు. అంటే వెనక్కి రావాల్సిన పనే లేదు, ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ గణం నిండగానే కోసేయడమే. ఆ రాత్రే నా పెద్ద కోడంతా తీసేశాను. మిగిలింది ఒక పేజీ. పద్యం అంటే ఏమిటో తెలీని మనిషికి కనిపించింది, పద్యాలు వింటూ పెరిగిన నాకు కనిపించలేదు. తెలిసినవాళ్లకే చూపించాలనే పట్టుదల నాకు ఆ రోజుతో పోయింది.

ఆ గదిలోనే పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీ నుంచి లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్నాం. దాని పుట్టుక కథ మాకు తెలిసిన రాత్రి అందరికీ తెగ నచ్చింది. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, నేనొక ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్నాను, సరదాకే, పెద్దదేం కాదు, ఇందులో ఏం ఉంటే మీకు బాగుంటుంది అని మినిక్స్ అనే ఇంకో సిస్టమ్ వాడేవాళ్లని అడిగాడు. అప్పటికి అది ఇంకా జనం చేతిలో పెట్టేంత సిద్ధం కూడా కాలేదు. కర్నూలువాడు వెంటనే "వాడు కూడా శనివారాలు పెట్టుకున్నాడన్నమాట" అన్నాడు. నెల్లూరువాడు ఊరుకుంటాడా, చెయ్యబోయేదాని గురించి ముందే చెప్పాడు కాబట్టి టోర్వాల్డ్స్‌కి కూడా గిన్నెలు పడాల్సిందే అన్నాడు. కొంతవరకైనా నడిచేది చేతిలో ఉంది కాబట్టి మినహాయింపు ఇవ్వాలా వద్దా అని అర్ధరాత్రి దాటేదాకా వాదించుకున్నాం.

అందరికీ చూపిస్తే అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. ఉద్యోగం వచ్చాక ఆఫీసులో ఒకాయనకి భోజనాల వేళ చూపించాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "ఇందులో ఎంత వస్తుంది?" అన్నాడు. రూపాయి రాదన్నాను. పాపం ఆయనకి నిజంగానే జాలేసింది నా మీద. ఆ ప్రశ్న మన వైపు చాలా మామూలు. పెళ్లిళ్లలో పెద్దనాన్నలూ బాబాయిలూ అడుగుతూనే ఉంటారు. ఒక్కసారి ఆ మాట పడిందంటే నాకు నెలరోజులు ఆ ఫోల్డరు తెరవబుద్ధయ్యేది కాదు. క్రమేణా ఎవరికి చూపించకూడదో కూడా తెలిసింది.

2004 ప్రాంతాల్లో యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకీ ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే ఏర్పాటు, మా ఇళ్లలోకి వచ్చింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది. అయితే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్టుల దగ్గర టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి, మెషీన్ రీస్టార్ట్ చేస్తే తప్ప ఒత్తులు సరిగ్గా కుదరవు. కుదిరిన రోజున మా అమ్మ పేరు తెలుగులో కొట్టి ఊరికే చూస్తూ కూర్చున్నాను. తర్వాత పద్యాన్ని జావాస్క్రిప్ట్‌లో తిరగరాశాను. 'స్త్రీ' అనే అక్షరం మనకి ఒకటే. కంప్యూటరుకి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఎన్ని అక్షరాలని అడిగితే ఆరని చెప్తుంది. ఛందస్సుకి కావలసిన అక్షరం వేరు, మెషీన్ లెక్కపెట్టే అక్షరం వేరు. ఆ రెంటినీ కలిపే ముక్క రాయడానికే ఎక్కువ కాలం పట్టింది.

మాస్టారు అప్పటికి విజయవాడలో కొడుకు దగ్గర ఉంటున్నారు. మనవడి కంప్యూటర్లో చూపించాను. ఈసారి పెన్నుతో రాయాల్సిన పని లేదు. తెలుగు పద్యం, తెలుగు లిపిలోనే, ప్రతి అక్షరం మీదా గుర్తు. యతిస్థానం ఎర్రరంగులో. ఆయన కుర్చీ ఇంకా ముందుకి లాక్కున్నారు. చూసి మెచ్చుకుంటారని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ర-కీ ఱ-కీ యతి చెల్లించావేం?"

"చెల్లదాండీ?"

"పాతవాళ్లు ఒప్పుకోరు. ఇప్పటివాళ్లు పట్టించుకోరు. నువ్వెవరి పక్షం?"

రెండు పక్షాలూ పెట్టాను. పైన ఒక మీట: పాత పద్ధతి, కొత్త పద్ధతి. మనవడు ఫోన్లో చెప్పాడు, తాతగారు రోజూ భోజనమయ్యాక తను రాసుకున్న పద్యాలన్నీ ఒక్కోటే కొట్టించి, పాత పద్ధతి మీద పెట్టి పరీక్షిస్తున్నారని. ఎక్కడైనా యతి తప్పిందని అది చెబితే, మీట కొత్త పద్ధతికి తిప్పమంటున్నారట.

మధ్యలో కొన్నేళ్లు అమెరికాలో ఉన్నాను. ఆ కాలం గురించి రాయడానికి ఏమీ లేదు. చదరంగం అప్పటిదే.

ఈమధ్య వరంగల్ వైపు ఒక ప్రభుత్వ పాఠశాల తెలుగు టీచరు నుంచి మెసేజ్ వచ్చింది. ఎవరో పంపితే చూశారట. తొమ్మిదో తరగతి పిల్లలకి ఛందస్సు అంటే భయమని, ప్రొజెక్టర్ మీద ఇది పెట్టాక పాఠం ఆగనివ్వడం లేదని. పిల్లలు పద్యాలు కొట్టడం మానేసి వాళ్ల పేర్లు కొడుతున్నారట. కమల న గణం. సునీత జ గణం. లావణ్య త గణం. కోహ్లీ రెండూ గురువులే, ధోనీ కూడా అంతే. దాని మీద క్లాసులో రెండు జట్లు కలిసిపోయాయట. ఒకే గణం వాళ్లందరూ ఒక బెంచీలో కూర్చుంటామని గొడవ చేస్తే ఆవిడ ఒక పూటకి ఒప్పుకున్నారట.

పేర్లకి విడిగా ఒక పేజీ చేసి పెట్టమని అడిగారు. ఒక్క రాత్రిలో చేసి పంపాను. నాకు ఈ వయసులో తెల్లారేదాకా కూర్చోవడం మళ్లీ అప్పుడే. ఇంట్లో ఆవిడ లేచి వచ్చి, "ఆఫీసు పనా?" అని, కాదంటే నా మొహం చూసి మారు మాట్లాడకుండా వెళ్లి పడుకుంది.

దానికి వచ్చిన జవాబు వాయిస్ మెసేజ్. పిల్లలందరూ ఒకేసారి అరుస్తున్నారు, ఏమీ అర్థం కాలేదు. చివర టీచరు విడమరిచి చెప్పారు. ఒక్క పేరు కాదట, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కూడా కలిపి కొడితే అది ఏ పద్యపాదంలో ఇముడుతుందో చెప్పాలట. ఇమడకపోతే ఏ అక్షరం మారిస్తే ఇముడుతుందో అది కూడా చెప్పాలట. ఊరి పేరు మార్చడానికి వీల్లేదని వాళ్లలో వాళ్లే రూలు పెట్టుకున్నారు. ఇంటిపేరు కుదించవచ్చు.

రెండో ముక్క కష్టం. ఆటవెలదికి పనిచేస్తోంది, తేటగీతికి ఇంకా తంటాలు పడుతున్నాను. శనివారం ఆరో పీరియడ్‌లో ప్రొజెక్టర్ మీద చూపిస్తానని ఆవిడ పిల్లలకి చెప్పేశారట, నన్నొక్క మాట అడక్కుండానే.